ప్రార్థనామందిరమూ ఊరి చావడీ

ఢిల్లీ నగరమునకు దక్షిణపు కొసను, మెహ్రౌలీకిని మహిపాల్‌పూర్‌కును నడుమ, ఆరావళి కొండలు ఎత్తు తగ్గి రాతినేలగా పరచుకొనిన చోట సుల్తాన్ గఢీ అను సమాధి యున్నది. ఇల్‌తుత్‌మిష్ సుల్తాను తనకంటె ముందుగా మరణించిన కుమారుడు నాసిరుద్దీన్ మహమూదు కొరకు 1231లో దానిని కట్టించినాడు. బయటనుండి చూచువారికి అది చిన్న కోటవలె కనిపించును. లోపల ముంగిలి నడుమ, నేలమాళిగలో, ఎనిమిది కోణముల చీకటిగదిలో రాజకుమారుని గోరీ యున్నది. పాత దేవాలయముల స్తంభములు కొన్ని ఆ కట్టడములోనే ఇమిడిపోయినవి. చరిత్రకారునికి అది రాజవంశపు సమాధి. చుట్టుపట్ల పల్లెవారికి మాత్రము అందు నిద్రించువాడు రాజకుమారుడు కాడు, పీరు. గురువారమునాడు హిందువులును ముసల్మానులును అక్కడికి వచ్చి అగరువత్తులు వెలిగించుట తరతరముల ఆనవాయితీ. ఆ స్థలము ఎవరిదని వారడుగలేదు. అద్దె ఎంతయని అడుగవలసిన అవసరము అసలే కలుగలేదు.

ఆ సమాధికి చేరువలో లేచిన బస్తీ పేరు వసంత్ కుంజ్. 1957 నాటి చట్టముచే ఏర్పడిన ఢిల్లీ అభివృద్ధి సంస్థ, మసూద్‌పూర్, కిషన్‌గఢ్ మొదలగు పల్లెల ఇరుగుపొరుగున, పూర్వము రాళ్లు త్రవ్విన గోతుల ప్రక్కన, 1980ల నుండి ఇక్కడ వరుసలు వరుసలుగా ఇండ్లు కట్టినది. సెక్టారు, పాకెట్టు, అంతస్తు, అంకె: ఇదియే అక్కడి చిరునామా. వచ్చి చేరినవారు దేశపు నాలుగు చెరగులవారు. ఇండ్లలో పడకగదులున్నవి, వంటగదులున్నవి. పదిమంది కూర్చుండిన పదునొకండవవాడు వాకిట నిలువవలసినదే. పిల్లకు పెండ్లి నిశ్చయమైనను, ఇంటిపెద్ద పోయి బంధువులు దిగినను, నలుగురు చేరి ఒక నాటకము చదువుకొనవలెనన్నను, ‘ఎక్కడ?’ అనునదియే మొదటి ప్రశ్న. పల్లెలకు చౌపాల్ ఉన్నది, పెండ్లిండ్లకు బరాత్ ఘర్ ఉన్నది. ఆ రెండును పల్లెవారివి. బస్తీవారికి సాముదాయిక భవనమున్నది, దాని తేదీలు దొరకుట కష్టము. రహదారి ప్రక్కన అంగడి మేడలు లేచినవి. వాని నడవలలో ఒక పల్లె యంతయు పట్టును. కాని కొనుగోలు చేయనివాడు అక్కడ కూర్చుండి సభ జరుపుటకు వీలులేదు.

ఇట్టిచోట ఒక చర్చి ఉన్నదనుకొనుడు. ఆదివారము ఉదయము నిండియుండును. తక్కిన దినములలో దాని హాలు, దాని మేడమీది గదులు, దాని ముంగిలి చాల గంటలు ఖాళీగా నుండును. వానిని ఊరివారికి అద్దెకు ఇయ్యవచ్చునా? చిన్న ప్రశ్నవలె కనిపించును. సంఘపెద్దల సమావేశములలో దీనిని లెక్కల అంశముగా ఎత్తుకొందురు. కొంతసేపటికి అది లెక్క కాదని తేలును. దేవుని ఇల్లు దేవునిదా, దానిని కట్టినవారిదా, దాని నీడ పడు వీధివారిదా అను వాదము అందులో దాగియున్నది. దీనికి చరిత్ర ఇచ్చు సమాధానము మనము ఊహించుకొనునట్టిది కాదు.

అభ్యంతరము చెప్పువారికి సువార్తలోనే ఆధారమున్నది. యెరూషలేము దేవాలయములో రూకలు మార్చువారి బల్లలను యేసు పడద్రోసిన కథ ఎరుగని క్రైస్తవుడుండడు. దానిని తలచుకొనిన పిదప మందిరములో రసీదుపుస్తకము తెరచుటకు ఎవనికైనను చేయి వణకును. అయితే ఆ కథలో కోపమునకు గురియైనవారు చోటు వెదకుకొనుచు వచ్చినవారు కారు. చోటు ఆక్రమించి, దూరమునుండి వచ్చిన భక్తునివద్ద లాభము తీసినవారు. పరదేశులు నిలువదగిన బయటి ముంగిలిలోనే ఆ బల్లలు వేసియుండిరని వ్యాఖ్యాతలు చెప్పుదురు. అది నిజమైనచో ఆ కథ అద్దెకు విరోధమగుటకంటె, బయటివాని చోటును లోపలివారు కాజేయుటకు విరోధమని నాకు తోచును.

మధ్యయుగపు ఇంగ్లండులో ప్రతి విచారణకును ఒక చర్చి యుండెను. ఆ చర్చికి ఇద్దరు యజమానులు. బలిపీఠమున్న తూర్పుభాగపు మరమ్మతు గురువు వంతు. జనులు నిలుచు పొడవైన నడిమిశాల మరమ్మతు విచారణవారి వంతు. కప్పు కారినచో తూర్పున ఆయన బాగుచేయించవలెను, పడమట వీరు బాగుచేయించుకొనవలెను. ఎవడు కప్పు వేయునో వానికి ఆ కప్పు క్రింద హక్కు వచ్చును గదా. బల్లలు స్థిరముగా నాటని కాలమది, శాల ఖాళీనేల. అచ్చట తగవులు తీర్చుకొనిరి, బాకీలు చెల్లించుకొనిరి, వానకాలములో ఉత్సవములు జరుపుకొనిరి. కప్పు వేయుటకు డబ్బు కావలసినప్పుడు సంఘపెద్దలు బార్లీసారాయి కాచి, ఊరంతటిని పిలిచి, అమ్మి, ఆ లాభముతో గంటయో సీసపురేకులో కొనినారు. వారి జమాఖర్చులు నేటికిని కొన్ని విచారణలలో నిలిచియున్నవి.

పదునైదవ శతాబ్దము నాటికి ఈ పనులకు చర్చి ప్రక్కనే వేరొక ఇల్లు కట్టు వాడుక వ్యాపించినది. దానిని ‘చర్చి ఇల్లు’ అనిరి. క్రింద పొయ్యి, కాగులు. మీద పొడవైన గది. పెండ్లివిందులకు దానిని అద్దెకిచ్చిరి. గదితోపాటు తగరపు పళ్లెములను, కాగులను కూడ కిరాయికి ఇచ్చిరి. మన పల్లెలలో గుడి పెత్తనదారులో కులపెద్దలో గంగాళములు, గుండిగలు, జంపఖానాలు దాచియుంచి పెండ్లివారికి కొద్ది సొమ్ముకు ఇచ్చుట ఎరిగిన తెలుగు పాఠకునకు ఇందు వింత లేదు. ఎసెక్స్ సీమలోని చెమ్స్‌ఫర్డ్ చర్చివారు పదునారవ శతాబ్దమున నాటకపు దుస్తులను సైతము ఇతర గ్రామములకు కిరాయికిచ్చి సొమ్ము చేసికొనినారు. దైవభక్తికి ఇందువలన లోపము కలిగినదని ఆ జమాఖర్చు వ్రాసినవారికి తోచినట్లు లేదు.

లోపము తోచినవారు తరువాత వచ్చినారు. వారికి కారణము లేకపోలేదు. లండనులోని పాత సెయింట్ పాల్ దేవాలయపు నడిమిశాల ఆ నగరపు సంతబాట అయిపోయినది. వకీళ్లు కక్షిదారులను అచ్చట కలిసికొనిరి. పని వెదకు నౌకరులు అచ్చట నిలిచిరి. సారా పీపాలను, రొట్టెల బుట్టలను మోయువారు అడ్డదారిగా దానిగుండ పోయిరి. 1554లో నగరసభ దానిని నిషేధించవలసివచ్చినది. అటుపిమ్మట 1604 నాటి ఇంగ్లండు మతశాసనములలో ఎనుబదియెనిమిదవది, చర్చిలోగాని చర్చిముంగిలిలోగాని నాటకములు, విందులు, త్రాగుడు, లౌకిక న్యాయస్థానములు జరుగనీయకుండ చూడవలసినదని సంఘపెద్దలను ఆజ్ఞాపించినది. మందిరము శుభ్రపడినది. కాని ఊరివారికి ఉన్న ఒక్క పెద్దకప్పు క్రింద ఊరివారి పని నిలిచిపోయినది. చర్చి ఇండ్లు చాలవరకు మద్యపుటంగడులుగనో, బడులుగనో, బీదల వసతులుగనో మారినవి. ఊరు తన కూటములను గుడిప్రక్క నుండి సారాదుకాణమునకు మార్చుకొనినది. రెండువందల ఏండ్లకు పైగా గడచిన తరువాత, పందొమ్మిదవ శతాబ్దమున, అదే చర్చివారు జనులు త్రాగుడుకొట్లకు పోవుచున్నారని దుఃఖించి, మరల డబ్బు పోగుచేసి ‘విచారణ హాళ్లు’ కట్టినారు. ఒకసారి తమ చేతితో మూసిన తలుపును తామే వెల ఇచ్చి తెరిపించుకొనుట చరిత్రలో అరుదు కాదు.

మన దేశము ఇట్టి విభజన చేయలేదని గర్వించువారున్నారు. కొంత నిజమే. ఉత్తరమేరూరులో పదవ శతాబ్దపు తొలిపాదమున గ్రామసభ ఎన్నికల నియమములను చెక్కించిన గోడలు నేడు దేవాలయపు గోడలు. విజయనగరకాలపు తిరుపతి దేవస్థానము భక్తులిచ్చిన ధనముతో పల్లెలలో చెరువులు, కాలువలు త్రవ్వించి, అధికముగా వచ్చిన పంటతో కైంకర్యములు నడిపిన తీరును 1960లో బర్టన్ స్టైన్ శాసనముల ఆధారముతో వివరించినాడు. మన దేవళముల మండపములు దేవుని కల్యాణమునకు ఎంతయో మనుష్యుల విశ్రాంతికి కూడ అంత; బాటసారి పండుకొనుటకును, పురాణము వినుటకును, వాన వెలియువరకు నిలుచుటకును అవియే చోటు. నేడు తిరుమల తిరుపతి దేవస్థానములవారు పట్టణములలో కల్యాణమండపములు కట్టించి పెండ్లిండ్లకు అద్దెకిచ్చుచున్నారు. ఆ అద్దె పుచ్చుకొనుటలో పాపమున్నదని ఏ శాస్త్రియు వాదించినట్లు నేను వినలేదు.

అయితే ఆ మండపములో ఎవరు నిలిచిరి? ఊరి బయట మాలపల్లెలోను, మాదిగగూడెములోను ఉన్నవారు నిలువలేదు. మదరాసు రాష్ట్రములో ఆలయప్రవేశమునకు చట్టము 1947లో వచ్చినది. అప్పటివరకు ఊరి చావడి ఊరంతటిది అను మాటలో ‘ఊరు’ అనగా ఊరిలో సగమే. ఈ సంగతిని దాటవేసి మండపముల ఔదార్యమును కొనియాడుట నాకు సమ్మతము కాదు. ఒంగోలు ప్రాంతమున జాన్ క్లౌ అను బాప్టిస్టు మిషనరీ కాలములో, 1876-78 నాటి మహాక్షామము వెనువెంటనే, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందినారు. వారిలో అత్యధికులు మాదిగలు. వారు తిరిగిపోయిన గూడెములలో క్రమముగా మట్టిగోడల ప్రార్థనాశాలలు లేచినవి. ఆ శాల పగలు బడి, రాత్రి మందిరము. అక్షరములు చెప్పు పంతులే ఆదివారము వాక్యము చెప్పును. ఉత్తరము వచ్చినను, తగవు వచ్చినను, కలరా వచ్చినను జనులు చేరునది అక్కడనే. తమకంటూ ఒక కప్పులేనివారికి అది మొదటి చావడి.

దానికి అద్దె ఉండెనా? ఉండెననియే చెప్పవలెను, పేరు వేరైనను. వంటకు బియ్యము తీయునప్పుడెల్ల ఒక పిడికెడు వేరుగా దాచి సంఘమునకిచ్చుట మన తెలుగు క్రైస్తవస్త్రీల అలవాటు. మిజోరము కొండలలో అదే ఆచారము 1910లో ఆరంభమై నేటికిని అక్కడి సంఘములకు గొప్ప రాబడిగా నున్నది. పిడికెడు బియ్యమునకు ఒక గుణమున్నది: ఇచ్చినవాడు మరల తలయెత్తుకొని లోపలికి రాగలడు.

ఇక్కడ ఒక చేదు అధ్యాయమును కూడ చెప్పవలెను, త్వరగా ముగింతును. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులోను, అమెరికాలోను అనేక చర్చిలు తమ లోపలి బల్లలనే అద్దెకిచ్చినవి. ముందువరుస ధనికునిది, అతడు రాకున్నను ఖాళీయే. వెనుకవరుసలోను, గోడప్రక్కను పేదవాడు ఊరక కూర్చుండును, అందరికి తెలియునట్లుగా. అదియు అద్దెయే. కాని అది చోటు లేనివానికి చోటు చూపలేదు. చోటున్నవానికి హోదా అమ్మినది. కావున అద్దె మంచిదా చెడ్డదా అని అడుగుట కంటె, అద్దె చెల్లించిన పిమ్మట ఆ గదిలో ఎవడు క్రొత్తగా అడుగుపెట్టగలిగినాడని అడుగుట మేలు.

ఇరువదవ శతాబ్దపు రెండు మూడు ఉదాహరణములు చూతము. లండనులో ట్రఫాల్గర్ చతురము ప్రక్కనున్న సెయింట్ మార్టిన్ చర్చికి డిక్ షెపర్డ్ అను గురువు 1914లో వచ్చినాడు. యుద్ధమునకు పోవు సైనికులు, యుద్ధమునుండి వచ్చు సైనికులు రైలుస్టేషను ప్రాంతమున దిక్కుతోచక తిరుగుచుండగా, ఆయన చర్చి తలుపులను రాత్రులందును తెరచియుంచినాడు. తరువాతి కాలములో ఆ చర్చి నేలమాళిగలో కాఫీహోటలు వెలసినది, పైన సంగీతసభలు జరుగుచున్నవి. ఆ రాబడి మందిరపు పోషణకు తోడ్పడుచున్నది. ఆ నగరములోనే సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో 1953లో చాడ్ వారా అను గురువు ఒక టెలిఫోను పెట్టుకొని, ఆత్మహత్యకు సిద్ధపడినవారు ఎవరైనను తనకు ఫోను చేయవచ్చునని ప్రకటించినాడు. నేటి సమరిటన్ల సేవాసంఘమునకు అదియే మొదలు. ఒక ఖాళీగది, ఒక కుర్చీ, ఒక టెలిఫోను: అంతకు మించి ఆస్తి లేదు.

అన్నిటికంటె నా మనస్సును ఆకర్షించినది త్రాగుడు మానదలచినవారి సంఘము. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణమున ఆరంభమైన ఆ సంఘమునకు పెద్ద భవనములు లేవు. ప్రపంచమంతటను వారి కూటములు అధికభాగము చర్చిల క్రిందిగదులలో జరుగును. వారు 1950లో అంగీకరించిన సంప్రదాయములలో ఒకటి ఏమనగా, ప్రతి బృందమును తన ఖర్చు తానే భరించవలెను, బయటివారి విరాళము పుచ్చుకొనరాదు. కూటము చివర బుట్ట తిరుగును. ఆ చిల్లరతో గది అద్దెయు, కాఫీయు గడచును. చర్చివారు చాలచోట్ల ఊరకనే ఇచ్చుటకు సిద్ధము. వీరు ఊరక పుచ్చుకొనరు. ఎందుకని? త్రాగుడువలన సర్వము పోగొట్టుకొని, బంధువుల దయమీద, అప్పులమీద బ్రదికినవానికి మొట్టమొదట తిరిగి రావలసినది తన వంతు తాను చెల్లించుకొను అలవాటు. ఊరక ఇచ్చిన గదిలో అతడు అతిథి; అతిథి ఎప్పుడును ఇంటివారి ముఖము చూచుచుండవలెను. ఎంత స్వల్పమైనను అద్దె ఇచ్చిన గదిలో, ఆ గంటసేపు, అతడు ఇంటివాడు. గురువుగారి మతము తనకు నచ్చకున్నను ఆ గదిలో కూర్చుండుటకు అడ్డులేదు. దానమునకు లేని ఈ స్వేచ్ఛ అద్దెకున్నది. దానశీలురకు ఈ మాట కష్టముగా తోచవచ్చును. తెలుగువారిలో అన్నదానమునకున్న గౌరవమును నేనెరుగుదును. అయినను అన్నము ఒకపూటది. చోటు వారము వారము కావలసినది.

ఈ స్వేచ్ఛకు దెబ్బ తగిలినప్పుడు ఏమగునో న్యూయార్కు నగరపు ఫ్లషింగ్ చెప్పును. అది డచ్చివారి వలస. ఇతర మతస్థుల కూటములను గవర్నరు స్టైవెసంట్ నిషేధించగా, 1657లో ఆ ఊరివారు కొందరు సంతకములు చేసి అభ్యంతరపత్రము పంపినారు. 1662లో జాన్ బౌన్ అను గృహస్థు తన ఇంటిలో క్వేకర్లను ప్రార్థనకు కూడనిచ్చినందుకు బందీయై, దేశబహిష్కృతుడై సముద్రము దాటినాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని కంపెనీవారు అతని మొర విని 1663లో గవర్నరును వారించినారు. ఇతరునకు ఒక గది ఇచ్చినందుకు మనిషి ఇల్లు విడిచిపోవలసివచ్చిన కథ యిది. అతని పేరు పెట్టిన వీధిలోనే, మూడువందల ఏండ్ల తరువాత, 1970లో స్థాపితమైన హిందూ దేవాలయసంఘమువారు పూర్వము రష్యను క్రైస్తవుల చర్చి యుండిన స్థలమును కొని, 1977 జూలై 4వ తేదీన గణపతి ఆలయమునకు కుంభాభిషేకము చేసినారు. దాని నిర్మాణమునకు తిరుపతి దేవస్థానపు సహాయమును అందినది. అమెరికాకు తొలుత పోయిన మన తెలుగు కుటుంబములవారు తమకు గుడియు భవనమును లేని ఆ రోజులలో ఉగాదిని, సంక్రాంతిని బడుల హాళ్లలోను, చర్చిల హాళ్లలోను జరుపుకొనినారు. అద్దె చెల్లించి, పులిహోర తిని, కుర్చీలు మడిచి, నేల తుడిచి, తాళపుచెవి అప్పగించి వచ్చినారు. నేడు వారి గుడులకు గోపురములున్నవి. ఆ హాళ్లను వారి పిల్లలు మరచిపోయినను మనము మరువరాదు.

మరల వసంత్ కుంజ్‌కు వత్తము. ఢిల్లీలో ఆదివారమునాడు ఒకే చర్చిగోడల నడుమ ఒక భాషవారు వెడలగా మరియొక భాషవారు ప్రవేశించుట సామాన్యదృశ్యము. ఉదయము ఇంగ్లీషు, తరువాత హిందీ; మధ్యాహ్నము తమిళమో, మలయాళమో, తెలుగో; సాయంకాలము నాగా, మిజో యువకుల పాటలు. ఈశాన్యసీమలనుండి చదువులకు, కొలువులకు వచ్చిన పిల్లలు మునీర్కాలోను, కిషన్‌గఢ్‌లోను ఇరుకుగదులలో నుందురు. ఇంటి యజమాని వారి వంట వాసనకు అలుగును, వారి పాటకు అలుగును. వారానికి రెండుగంటలు గొంతెత్తి పాడుకొనుటకు ఒక హాలు దొరికినచో అది వారికి కేవలము ఆరాధన కాదు. ఆ నగరములో తాము వినబడు చోటు. అట్టి హాలునకు వారు ఇచ్చు అద్దె, అతిథేయసంఘమునకు విద్యుత్తు ఖర్చునకును, ఊడ్చువాని జీతమునకును సరిపోయిన చాలును. అంతకంటె లాభము తీయదలచినవాడు రూకల బల్లకు చేరువయగును.

ఇందులో ఒక విచిత్రమున్నది. అద్దెకిచ్చు చర్చి తానే కౌలుదారు. ఢిల్లీ అభివృద్ధి సంస్థ భూములను గూర్చి 1981లో వచ్చిన నియమములు కొన్ని ప్రజాసంస్థలకు వేలముతో నిమిత్తము లేకుండ, నిర్ణయించిన ప్రతిఫలమునకు స్థలమిచ్చు మార్గమును ఏర్పరచినవి. అట్లు వచ్చిన స్థలము కౌలుపత్రమునకు లోబడినది. ఏ పనికిచ్చినారో ఆ పనికే వాడవలెను. కాబట్టి ‘మాదే’ అని ఏ సంఘమును గట్టిగా అనలేదు. స్థలము జనులది, ప్రభుత్వము ద్వారా వచ్చినది, తక్కువ వెలకు వచ్చినది. ఆ తగ్గింపును ఎవరు భరించినారు? చర్చి గడప ఎన్నడును తొక్కని పౌరుడు కూడ భరించినాడు. అతనికి ఆ హాలులో ఒక సాయంకాలము దొరకుట దయ యనుకొనుటకంటె బాకీ యనుకొనుట న్యాయము.

శాసనకర్తలకు సైతము ఈ రేఖ ఎక్కడ గీయవలెనో తెలియక తంటాలు పడినారు. 2017 జూన్ 28వ తేదీన, వస్తుసేవల పన్ను అమలునకు రానున్న తరుణమున వెలువడిన ప్రకటనలో, ప్రజలకు తెరచిన ధార్మికస్థలపు ఆవరణను, నమోదైన ధార్మికసంస్థ అద్దెకిచ్చుటకు పన్ను మినహాయించినారు. గది అద్దె రోజునకు వేయిరూపాయలో అంతకు మించియో, హాలు అద్దె రోజునకు పదివేల రూపాయలో అంతకు మించియో అయినచో మినహాయింపు లేదు. ఆ ప్రకటనలో సాముదాయిక భవనముల ప్రక్కనే ‘కల్యాణమండపము’ అను మాటను అట్లే వాడినారు. ఢిల్లీ కార్యాలయపు ఇంగ్లీషులో మన మండపము కూర్చుండుట చూచి నాకు నవ్వును సంతోషమును ఒకేసారి కలిగినవి. పదివేలు అను అంకె దైవికమైనది కాదు. కాని ఒక హాలు పొరుగువారి చావడిగా నుండుట మాని పెండ్లి వ్యాపారపు భవనమగుట ఎక్కడనో ఒకచోట జరుగుననియు, దానికొక గుర్తు కావలెననియు గ్రహించిన అంకె అది.

తలుపు తెరచుటలో భయమును ఉన్నది. 2015 ఫిబ్రవరి 2వ తేదీ తెల్లవారుజామున వసంత్ కుంజ్‌లోని సెయింట్ అల్ఫోన్సా చర్చి తలుపు పగులగొట్టి ఎవరో లోపలికి చొరబడి, పవిత్రవస్తువులను పాడుచేసినారు. 2014 డిసెంబరు 1వ తేదీన దిల్షాద్ గార్డెన్‌లోని సెయింట్ సెబాస్టియన్ చర్చి కాలిపోయిన నాటినుండి నగరమున జరిగిన ఇట్టి సంఘటనలలో అదొకటి. దొంగతనమని పోలీసులు, ద్వేషమని విశ్వాసులు తర్కించుకొనిరి. ఫిబ్రవరి 5న క్రైస్తవులు పవిత్రహృదయ మహాదేవాలయమువద్ద కూడి నిరసన తెలిపినారు. అటువంటి రాత్రి తరువాత ఏ సంఘమైనను గోడ ఎత్తు పెంచవలెననియే మొదట తలచును; వారిని తప్పుపట్టుట నా తరము కాదు. ఒక్కమాట మాత్రము చెప్పుదును. ఏ ముంగిలిలో వారము పొడుగున కుట్టుపని నేర్చుకొను స్త్రీలు, పరీక్షకు చదువుకొను పిల్లలు, యోగము చేయు వృద్ధులు వచ్చిపోవుదురో, ఆ ముంగిలిలో తెల్లవారుజామున క్రొత్తచప్పుడైనచో కిటికీ తెరచి చూచువారు ఎక్కువ. కాపలావానికి జీతమీయవలెను. తన గురువారపు గది అక్కడ ఉన్నవాడు జీతము లేకయే చూచును.

ఇంక మిగిలినది చిన్నపని, కాని అందే చిక్కు. మార్గశిరములోను, మాఘములోను పెండ్లివారు వచ్చి ముంగిలితో సహా అంతయు కావలెనందురు. ఒక్క రాత్రికే ఏడాది పొడవునా ఎనిమిదిమంది బృందము ఇచ్చునంత సొమ్ము ఇత్తుమందురు. ఆ రాత్రి గురువారము కావచ్చును. తిథి పుస్తకము తెరచి, పెన్ను చేతబట్టిన పెద్ద, ఆ గడిలో ముందే వ్రాసియున్న చిన్నపేరును చూచి, పెండ్లివారిని శుక్రవారమునకు మార్చుకొనుడని చెప్పవలెను. కప్పు మరమ్మతు ఇంకను జరుగలేదు, వానకాలము దూరము లేదు.